లాలిపాట వెనక కూలి లెక్క

పరాయి బిడ్డను పెంచే స్త్రీ మన సాహిత్యానికి కొత్త కాదు. పాత కథల్లో ఆమె దాది, నేటి కథల్లో ఆయా. ఆమె ప్రేమ గురించీ త్యాగం గురించీ మనం చాలా విన్నాం. మేవాడ్ రాజకుమారుణ్ణి కాపాడటానికి కన్నకొడుకునే బలిపెట్టిన పన్నా దాయి గాథను ఇప్పటికీ చెప్పుకుంటాం. ఐతే ఆ దాదికి జీతమెంత అని అడిగినవాళ్లు అరుదు. అడిగితే కరుణరసం చెడిపోతుందని మన భయం కాబోలు. పిల్లల్ని చూసుకునే పనికి న్యాయమైన కూలి ఎలా తేల్చుకోవాలి, ఆ బేరంలో మనం వాడే భాష ఎవరి పక్షం వహిస్తుంది అన్న రెండు ప్రశ్నలే ఈ వ్యాసానికి విషయం.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. 2014లో మా అమ్మాయికి ఎనిమిది నెలలు. నేనూ నా భార్యా ఇద్దరం ఉపాధ్యాయులం. ఆమె ప్రసూతి సెలవు అయిపోయింది. బిడ్డను చూసుకోవడానికి పక్క పేట నుంచి ఒక నడివయసు మనిషి వచ్చింది. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా పని, నెలకు ఆరువేలు అన్నాను. "మా ఇంట్లో మనిషిలా ఉండు" అని కూడా అన్నాను. ఆ మాట అంటూ నా ఉదారతకు నేనే మురిసిపోయాను.

ఆమె మురిసిపోలేదు. "పాపను చూత్తానండీ. గిన్నెలూ బట్టలూ కూడా నేనేనా?" అంది. వీలున్నప్పుడు చెయ్యమన్నాను. "వేసంగి సెలవుల్లో మీరు ఊరెళ్తే నా జీతం ఏవవుద్దండీ?" అంది. పని లేని నెలకు జీతమేమిటి అన్నాను. ఆమె కాసేపు ఊరుకుని, "మీకు సెలవులకి జీతం వత్తాది గదండీ మాస్టారూ, మరి నా పొట్టకి సెలవుందాండీ?" అంది.

శ్రమ గురించి సభల్లో మాట్లాడిన నేను ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి కాగితం తీసి లెక్క వేశాను. రోజుకు తొమ్మిది గంటలు, నెలకు 26 రోజులు, మొత్తం 234 గంటలు. ఆరువేలను భాగిస్తే గంటకు 25 రూపాయల 64 పైసలు. దీనికి గిన్నెలూ బట్టలూ అదనం! "ఇంట్లో మనిషి" అన్న మాట వెనక నేను దాచిన అంకె అది.

ఈ మాట పనిచేసే తీరును మనం జాగ్రత్తగా పరిశీలించాలి. ఇంట్లో మనిషికి పనిగంటలుండవు, సెలవుండదు, పెంపు అడగడం మర్యాద కాదు. ఐతే ఇంట్లో మనిషికి ఆస్తిలో వాటా ఉంటుంది, జబ్బు చేస్తే వైద్యం ఉంటుంది, ముసలితనంలో అన్నం ఉంటుంది. ఆయాకు మనం మొదటి జాబితాను వర్తింపజేసి రెండవదాన్ని దాచేస్తాం. ఆమె బిడ్డను ప్రేమించకూడదని నేననడం లేదు. మా అమ్మాయిని ఆమె నిజంగానే ప్రేమించింది. అయితే ఆ ప్రేమ ఆమె స్వేచ్ఛగా ఇచ్చింది, మేము కొన్నది ఆమె కాలాన్ని. ప్రేమను కూలిలో జమ కట్టుకునేవాడు కూలిని ఎగ్గొడుతున్నాడన్నమాట.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. "ఆయా" అన్న మాటే పోర్చుగీసు నుంచి మన భాషల్లోకి వచ్చింది. వలస పాలనలో దొరసానులు ఓడ ప్రయాణంలో పిల్లల్ని చూసుకోవడానికి మన ఆయాల్ని ఇంగ్లండు తీసుకుపోయేవారు. తిరుగు ప్రయాణపు ఖర్చు ఎవరిదో ఒప్పందంలో తేలకపోతే, ఓడ దిగాక ఆయా బతుకు వీధిపాలయ్యేది. అలాంటివారి కోసం లండన్‌లో ఒక ఆశ్రయ గృహమే వెలిసింది. అది 1900లో హాక్నీ ప్రాంతానికి మారింది. ఆ చరిత్రకు గుర్తుగా అక్కడ 2022లో నీలి ఫలకం పెట్టారు. బేరంలో పలకని ఒక్క షరతు మనిషిని సముద్రానికి అవతల వదిలేసింది. నేను చెప్పకుండా దాటేసిన వేసవి జీతం కూడా ఆ జాతి షరతే.

ఈ శ్రమ లెక్కలోకి రాదన్న వాదన కూడా పాతదే. మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో 1861 నాటి ఇంగ్లండు, వేల్స్ జనాభా లెక్కలను పరిశీలించాడు. అక్కడ ఇళ్లల్లో పనిచేసే సేవకులు 12 లక్షల పైచిలుకు. బట్టల మిల్లుల్లోనూ గనుల్లోనూ పనిచేసేవారిని కలిపినా ఆ సంఖ్యకు తక్కువే. మిల్లు కార్మికుడికి సంఘం ఏర్పడింది, కథానాయకుడి హోదా దక్కింది. ఇంటిపని మనిషి మాత్రం ఒక్కో ఇంట్లో ఒక్కర్తిగా, ఒక్కర్తిగానే బేరమాడుతూ ఉండిపోయింది. ఆమె బలహీనత అంతా ఈ ఒంటరితనంలోనే ఉంది.

కాబట్టి న్యాయమైన బేరానికి మొదటి మెట్టు పనిని విడగొట్టడం. బిడ్డకు తినిపించడం, స్నానం, నిద్ర, ఆటలు ఒక పని. ఇంటిల్లిపాది గిన్నెలు మరో పని, దానికి వేరే కూలి. రెండవది గంటలు: మనం ఆలస్యంగా ఇల్లు చేరితే ఆ ఆలస్యానికి వెల కట్టాలి. మూడవది వారపు సెలవు, జబ్బు సెలవు. నాలుగవది, మనం ఊరెళ్లిన రోజుల జీతం. ఆ రోజుల్లో ఆమె మరో ఇంట చేరకుండా మన కోసం ఆగుతోంది, ఆగడానికీ కూలి ఉంది. ఐదవది ఏటా పెంపు. ఆరవది, బిడ్డ బడికి వెళ్లే రోజు వచ్చినప్పుడు ఎన్నాళ్ల ముందు చెప్పాలన్నది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి చెరొక ప్రతి ఉంచుకోవాలి. ఆమెకు చదువు రాకపోతే ఆమె నమ్మిన మనిషి చేత చదివించాలి.

"బయట రేటు ఇంతే కదా" అన్న వాదన ఇక్కడ తప్పకుండా వస్తుంది. నేనూ అన్నాను. ఆ రేటును నిర్ణయించింది పని విలువ కాదు, పేటలోని ఆకలి. ఆమె ఆ తొమ్మిది గంటలు మా ఇంట్లో ఉండబట్టే నా భార్య బడిలో తన జీతం సంపాదించింది. ఆయా జీతాన్ని పక్కింటి ఆయా జీతంతోనే కాక, ఆమె వల్ల నిలబడిన ఆదాయంతో కూడా పోల్చి చూడాలి.

చట్టం ఈ దిశగా నెమ్మదిగా కదిలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లో ఇంటిపనిని కనీస వేతనాల పరిధిలోకి తెచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివారి కోసం 2011లో 189వ ఒడంబడికను ఆమోదించింది. లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఇంటిని కూడా పని స్థలంగా గుర్తించింది. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ మన స్త్రీలు ఇంటిపనికి వెళ్లే కువైట్‌లో సైతం 2015 చట్టం రాతపూర్వక ఒప్పందాన్నీ వారపు సెలవునూ గుర్తించింది. 2025 జనవరిలో మన సుప్రీంకోర్టు ఇంటిపనివారికి ప్రత్యేక చట్టం అవసరాన్ని పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. ఐతే ఏ చట్టమూ తలుపు తట్టి మన వంటింట్లోకి రాదు. అంచేత తలుపు లోపలున్న మన సంస్కారమే ముందు మారాలి.

ఇక రచయితల సంగతి. మహాశ్వేతాదేవి 'స్తనదాయిని' కథలో యశోద హాల్దార్ల ఇంటి పిల్లలకు పాలిచ్చి పెంచుతుంది. పాల అవసరం ఉన్నన్నాళ్లూ ఆమెకు గౌరవం, అది తీరాక వంటపని, చివరికి రొమ్ము క్యాన్సరుతో దిక్కులేని చావు. మాతృత్వాన్ని పూజించే భాషే మాతృశ్రమను పిండుకునే సాధనమని ఆ కథ నిరూపించింది. మన స్త్రీవాద కవిత్వం ఇల్లాలి వంటింటి చాకిరిని బయటపెట్టింది, అది గొప్ప విజయం. ఆ ఇల్లాలు ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆమె చోట నిలబడిన మరో స్త్రీ గురించి మనం రాసింది తక్కువ. రాసినప్పుడు కూడా ఆమెను నమ్మకానికి ప్రతీకగానో, దొంగతనం అనుమానానికి బలిపశువుగానో చూపించాం. జీతం అడిగే మనిషిగా చూపించలేదు.

మా ఇంటి బేరం నెలకు తొమ్మిదివేలకు, వేసవి జీతంతో సహా కుదిరింది. గిన్నెలు మేమే కడుక్కున్నాం. గంటకు 38 రూపాయలు దాటిందే గాని అది న్యాయమైన కూలి అని ఇప్పటికీ అనలేను. మా శక్తికీ ఆమె హక్కుకీ మధ్య తెగిన రాజీ అది. ఐతే ఆ తర్వాత ఆమెను "ఇంట్లో మనిషి" అని నేను అనలేదు. మూడేళ్ల తర్వాత పాప బడికి వెళ్లే ముందు, మాట ప్రకారం రెండు నెలల ముందుగా చెప్పాం. ఆమె వేరే ఇల్లు చూసుకుంది. అక్కడ బేరమాడటానికి మా కాగితాన్ని వెంట తీసుకుపోయింది.

ఆ కాగితంలో లాలిపాట ఊసు లేదు, ఆమె పాడటం మానలేదు. యువ రచయితలకు నా విన్నపం ఒక్కటే. మీ కథలోకి ఒక ఆయా వచ్చినప్పుడు ఆమె కళ్లలోని తల్లిప్రేమను వర్ణించండి, అభ్యంతరం లేదు. దానికి ముందు ఆమె ఎన్ని గంటలకు వచ్చింది, ఎన్ని గంటలకు వెళ్తుంది, నెలకు ఎంత ఇస్తున్నారు, ఆమె బిడ్డను ఆ వేళ ఎవరు చూస్తున్నారు అన్నవి మీరు తెలుసుకోండి. అవన్నీ కథలో రాయనక్కర్లేదు, తెలిసి రాస్తే చాలు.