బాతులన్నీ ఒకేలా కనిపించే కార్తీకం

నైరుతి వానలు వెనకబట్టి, సార్వా కోతలకొచ్చే రోజుల్లో ఉత్తరాది పక్షులు కోనసీమలో దిగుతాయి. సైబీరియా, మధ్య ఆసియా చిత్తడి నేలల్లో పిల్లల్ని పెంచిన బాతులు, టిబెట్ పీఠభూమి సరస్సుల్లో గూళ్లు కట్టిన సీగల్స్ గోదావరి పాయల చివరికి చేరతాయి. శని, ఆదివారాలు బైనాక్యులర్ పట్టుకుని బయల్దేరిన కొత్తవారికి మొదట నిరాశే ఎదురవుతుంది. పుస్తకంలో రంగురంగులుగా ఉన్న బాతులు ఇక్కడ మట్టిరంగులో, ఆడా మగా తేడా తెలియకుండా ఉంటాయి.

దీనికి కారణం ఈకల్లో ఉంది. ఈక మన గోళ్లలాగే కెరటిన్‌తో తయారవుతుంది. అరిగిన ఈక బాగుపడదు, దాన్ని రాల్చి కొత్తది మొలిపించుకోవాలి. చాలా పక్షులు రెక్కల ఈకల్ని ఒకదాని తర్వాత ఒకటిగా మార్చుకుంటాయి. బాతులు మాత్రం సంతానకాలం ముగిశాక ఎగిరే ఈకలన్నిటినీ ఒక్కసారే రాలుస్తాయి. అప్పుడు మూడు, నాలుగు వారాలు ఎగరలేవు. ఆ దశలో మెరిసే రంగులుంటే వేటాడే జంతువుల కంట పడడం ఖాయం. అందుకే మగవి కూడా ఆడవాటిలా గోధుమరంగు ఈకలు తొడుక్కుని, కొత్త రెక్కలు రాగానే అదే వేషంలో దక్షిణానికి బయల్దేరతాయి. సూదితోక బాతుల్లో మగది చలికాలం ముదిరేకొద్దీ తెల్లని మెడ, పొడవైన తోక తెచ్చుకుంటుంది. గార్గనీ బాతుల్లో మగది మాత్రం చలికాలం చివరిదాకా మట్టిరంగు వదలదు.

కాబట్టి ఈ కాలంలో రంగును నమ్మకుండా ఆకారం చూడాలి. సన్నని పొడవాటి మెడ ఉంటే సూదితోక బాతు. కొన వెడల్పైన పెద్ద ముక్కుతో నీటిని వడగడుతూ తిరిగేది షొవలర్. ఏడాదంతా ఇక్కడే ఉండే ఈల బాతుల్లో ఆడా మగా ఎప్పుడూ ఒకేలా ఉంటాయి, ఎగురుతూ వేసే ఈలే వాటి గుర్తు.

సీగల్స్ కోసం వశిష్ట పాయ సముద్రంలో కలిసే అంతర్వేదికో, వైనతేయ పాయ కలిసే ఓడలరేవుకో వెళ్లాలి. పాటు సమయంలో పక్షులు బురద నేలల మీద చెదిరిపోతాయి. పోటు ఎక్కేకొద్దీ మునగని ఇసుక దిబ్బల మీదికి గుంపుగా చేరతాయి. చూడ్డానికి అదే అనువైన వేళ. గోధుమ తల సీగల్‌కు చలికాలంలో తల నిజానికి తెల్లగా ఉంటుంది, కంటి వెనక నల్లటి మచ్చ మాత్రం మిగులుతుంది. నల్లని రెక్క కొనల్లో తెల్ల చుక్కలు దాన్ని పట్టిస్తాయి. పలాస్ సీగల్ చాలా పెద్దది, పసుపు ముక్కు మీద నల్లపట్టీ ఉంటుంది. సముద్రపు నీరూ వీటికి ఇబ్బంది కాదు, కళ్ల పైభాగంలోని ఉప్పు గ్రంథులు సీగల్ తాగిన ఉప్పునీటిలోని అదనపు లవణాన్ని ముక్కు గుండా బయటికి పంపేస్తాయి.

సీగల్స్ ఈకలు వయసునూ చెబుతాయి. రెక్కల మీద గోధుమ మచ్చలు, తోక చివర నల్లపట్టీ ఉంటే అది ఈ ఏడాది పిల్ల. గోధుమ తల సీగల్ రెండో చలికాలానికే పెద్దదాని రూపు సంతరించుకుంటుంది, పలాస్ సీగల్‌కు నాలుగో చలికాలం దాకా పడుతుంది. గుంపులో పిల్లల పాలు ఎంతో లెక్కిస్తే, వేల కిలోమీటర్ల అవతలి సరస్సుల్లో ఆ ఏడు సంతానం ఎలా సాగిందో అంచనా కట్టవచ్చు. 2005లో చైనాలోని చింగ్‌హై సరస్సు దగ్గర బర్డ్ ఫ్లూకు వేల పక్షులు చనిపోయాయి. వాటిలో ఈ రెండు రకాల సీగల్స్ కూడా ఉన్నాయి. అక్కడి కష్టం ఇక్కడి గుంపుల్లోనూ కనబడవచ్చు.

ఒక రోజు తీరంలో గడిపితే, మరో రోజు కొత్తపేట వైపు గౌతమి పాయ లంకల్నీ, చేపల చెరువుల్నీ చూడవచ్చు. ఎక్కడైనా పక్షులు తలెత్తి చూశాయంటే అక్కడే ఆగిపోవాలి. దూరప్రయాణంలో కొవ్వు కరిగిపోయిన పక్షిని లేపితే, దానికి తినే సమయమూ శక్తీ రెండూ పోతాయి.

1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. జనవరి లెక్క ఎన్ని పక్షులున్నాయో చెబుతుంది గాని, అవి ఎప్పుడొచ్చాయో, ఏ ఈకలతో వచ్చాయో చెప్పదు. ఆ లోటును తీర్చగలిగేది ఈ గట్ల మీద తిరిగే మనమే. తేదీ, చోటు, పోటో పాటో, పెద్దవెన్ని, పిల్లలెన్ని అని ఏటా ఒకే చోట రాసి పెడితే, కొన్నేళ్లకు కోనసీమ నుంచే ఉత్తరాది సరస్సుల క్షేమం తెలుసుకోగలం.