కాన్పు సంచి ఎప్పుడు సర్దాలి? అందులో ఏం పెట్టాలి? భద్రాచలం ఏజెన్సీ వాళ్ల కోసం పూర్తి వివరాలు

ఈరోజు ఎపిసోడ్‌లో కాన్పు సంచి గురించి మాట్లాడుకుందాం. అంటే డెలివరీకి హాస్పిటల్‌కి వెళ్లేటప్పుడు తీసుకెళ్లే బ్యాగ్. ఈ టాపిక్ మీద యూట్యూబ్‌లో వెతికితే బోలెడు వీడియోలు వస్తాయి. కాకపోతే వాటిలో ఎక్కువ భాగం ఇంటి ముందు కారు, అరగంటలో హాస్పిటల్ ఉన్నవాళ్ల కోసం చేసినవి. వాళ్లు ఏదైనా మర్చిపోతే ఇంట్లోవాళ్లు గంటలో తెచ్చి ఇస్తారు.

మనకు అలా కుదరదు కదా. చర్ల, దుమ్ముగూడెం, గుండాల, కరకగూడెం, ములకలపల్లి లోపలి ఊళ్ల నుంచి రావాలంటే వాగు దాటాలి, రోడ్డు దాకా నడవాలి, కొన్నిచోట్ల డోలీ కట్టి మోసుకురావాలి. భద్రాచలం చేరాక కూడా అక్కడి నుంచి కొత్తగూడెం పంపితే ఇంకో 40 కిలోమీటర్లు, ఖమ్మం పంపితే వంద కిలోమీటర్ల పైనే. మర్చిపోయిన వస్తువు కోసం ఇంటికి మనిషిని పంపే పని ఉండదు. అందుకే మన సంచి లెక్క వేరు. బ్రదర్స్, మీరు కూడా చివరిదాకా చూడండి. ఈ సంచి సర్దేపనిలో సగం మీదే.

ముందుగా మూడు ఆలస్యాలు

1994లో సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అని ఇద్దరు పరిశోధకులు ఒక విషయం రాశారు. కాన్పులో తల్లుల ప్రాణాలు ఎందుకు పోతున్నాయి అని చూస్తే, ఎక్కువసార్లు కారణం ఆలస్యం. ఆ ఆలస్యం మూడు రకాలు. ఒకటి, వెళ్లాలా వద్దా అని ఇంట్లో తేల్చుకోవడంలో ఆలస్యం. రెండు, దారిలో ఆలస్యం. మూడు, హాస్పిటల్‌కి చేరాక వైద్యం అందడంలో ఆలస్యం.

ఇప్పుడు మన ఊళ్లో ఏం జరుగుతుందో చూడండి. రాత్రి 11 గంటలకు నొప్పులు మొదలవుతాయి. ఆధార్ ఎక్కడుంది? కార్డు ఎవరి దగ్గరుంది? చీరలు ఉతికి ఉన్నాయా? తోడు ఎవరొస్తారు? డబ్బులు ఎవరిని అడగాలి? ఇలా వెతుక్కోవడంలోనే గంట పోతుంది. ముందే సర్దిన సంచి ఆ గంటను మనకు మిగులుస్తుంది. కాగితాలు సరిగ్గా ఉంటే హాస్పిటల్‌లో ఇంకొంత టైమ్ మిగులుతుంది. సంచి అసలు పని ఇదే.

ఎప్పుడు సర్దాలి?

ముందు డెలివరీ డేట్ తెలియాలి. మొదటి నెలల్లో చేసిన స్కానింగ్‌లో డేట్ ఇచ్చి ఉంటే అదే పట్టుకోండి. లేకపోతే లెక్క సింపుల్. చివరిసారి నెలసరి మొదలైన తేదీ నుంచి 3 నెలలు వెనక్కి వెళ్లి, 7 రోజులు కలపండి. ఉదాహరణకి, చివరి నెలసరి నవంబర్ 10న మొదలైందనుకోండి. 3 నెలలు వెనక్కి వెళ్తే ఆగస్టు 10. 7 రోజులు కలిపితే ఆగస్టు 17. అదే డెలివరీ డేట్. ఆ రోజే అవుతుందని కాదు, అటూ ఇటూ అవుతుంది.

సిటీ వీడియోల్లో డేట్‌కి మూడు నాలుగు వారాల ముందు సర్దమంటారు. మనం 6 వారాల ముందే సర్దేద్దాం. ఆగస్టు 17 అయితే జులై మొదటి వారానికి సంచి రెడీగా ఉండాలి.

జులై, ఆగస్టు అంటే గోదావరి టైమ్. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులై 16న నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. అప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అంటే భద్రాచలం నుంచి కొత్తగూడెం, ఖమ్మం వైపు వెళ్లే దారి మూసుకుపోయినట్టే. దుమ్ముగూడెం, చర్ల రోడ్డు మీదికి అంతకన్నా ముందే నీళ్లొస్తాయి. లోపల వాగులైతే ఒక్క రాత్రి వానకే పొంగుతాయి.

అందుకే వానాకాలం డేట్ ఉన్నవాళ్లు నొప్పుల కోసం ఎదురుచూడొద్దు. ఆశా అక్కతో, ఏఎన్ఎం అక్కతో ముందే మాట్లాడండి. వరద వచ్చేలా ఉంటే డేట్ దగ్గరపడ్డ గర్భిణులను ముందుగానే హాస్పిటల్‌కి తరలిస్తారు. "ఇంకా నొప్పులు రాలేదు కదా, ఇప్పుడెందుకు" అని వెనక్కి తగ్గకండి. ఆంధ్రప్రదేశ్‌లో సాలూరులో కూడా కొండ ఊళ్ల గర్భిణుల కోసం వసతి గృహం పెట్టారు. డేట్‌కి ముందే వచ్చి అక్కడ ఉంటారు. రోడ్డు దగ్గర చుట్టాలున్నా సరే, సంచితో సహా వెళ్లి వాళ్లింట్లో ఉండండి.

మొదటి సంచి: కాగితాలు

మొత్తం మూడు సంచులు. అన్నిటికన్నా ముఖ్యమైనది చిన్నది, ఇది. వాన నీళ్లు పోకుండా జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్ తీసుకోండి. ఇందులో ఇవి పెట్టండి:

- ఎంసీపీ కార్డు. అంటే అంగన్‌వాడీలో, సబ్‌సెంటర్‌లో రాసిచ్చే తల్లీపిల్లల కార్డు. మీ బీపీ, రక్తం శాతం, టీకాలు అన్నీ ఇందులోనే ఉంటాయి.
- స్కానింగ్ రిపోర్టులు, రక్త పరీక్షల చీటీలు, వాడుతున్న మందుల చీటీ.
- బ్లడ్ గ్రూప్ రిపోర్టు. తల్లిది నెగెటివ్ గ్రూప్, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు తల్లికి ఒక ఇంజెక్షన్ ఇవ్వాలి. ఆ సంగతి డాక్టర్లకు మొదటే తెలియాలి.
- సికిల్ సెల్ టెస్ట్ చేయించుకుంటే ఆ కార్డు. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో గిరిజన ప్రాంతాల్లో ఈ టెస్టులు చేస్తున్నారు.
- ఆధార్, తల్లి పేరు మీదున్న బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు. మాతృవందన లాంటి పథకాల డబ్బు ఆ అకౌంట్‌లోనే పడుతుంది. మొదటి కాన్పుకి ఆ పథకంలో 5,000 రూపాయలు.

ఇప్పుడు ఫోన్ తీయండి. ఈ కాగితాలన్నిటినీ ఫొటో తీసి, ఇంట్లో ఇద్దరికి వాట్సాప్ చేయండి. సిగ్నల్ లేకపోయినా గ్యాలరీలో ఉంటాయి. ఫోన్ లాక్ నంబర్ తోడు వచ్చే మనిషికి చెప్పి ఉంచండి.

ఇంకో మాట. ఆధార్ లేదనో, కార్డు పోయిందనో ఇంట్లో ఆగిపోకండి. ముందు కాన్పు, తర్వాత కాగితం.

ఒక హాస్పిటల్ నుంచి ఇంకో హాస్పిటల్‌కి పంపితే రిఫర్ చీటీ అడిగి తీసుకోండి. ఏ టైమ్‌కి ఏ మందు, ఏ ఇంజెక్షన్ ఇచ్చారో అందులో ఉండాలి. అది లేకపోతే అవతలి డాక్టర్లు అన్నీ మొదటి నుంచి అడగాల్సి వస్తుంది. మూడో ఆలస్యం అని చెప్పుకున్నామే, అది ఇక్కడే మొదలవుతుంది. ఈ కవర్ ఎప్పుడూ తోడున్న మనిషి చేతిలోనే ఉండాలి. మిగతా బట్టల సంచిలో కలపొద్దు.

రెండో సంచి: తల్లికి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. మామూలు కాన్పయితే రెండు రోజులు, ఆపరేషన్ అయితే వారం దాకా ఉండాల్సి రావచ్చు. కాబట్టి వారానికి లెక్కేసి సర్దండి. అలాగని పెద్ద సూట్‌కేస్ వద్దు. వాగు దాటేటప్పుడు భుజాన వేసుకునేలా బ్యాగ్ ఉండాలి.

- ముందు హుక్స్ లేదా జిప్ ఉన్న నైటీలు మూడు, లేదా మెత్తని పాత నూలు చీరలు, ముందు హుక్స్ జాకెట్లు. బిడ్డకు పాలివ్వడం తేలికవుతుంది.
- ఆపరేషన్ అయితే లంగా బొందు కుట్ల మీద ఒరుసుకుంటుంది. అందుకే వదులు నైటీ ఎక్కువ పెట్టుకోండి.
- పెద్ద సైజు ప్యాడ్లు రెండు ప్యాకెట్లు. బట్ట వాడే అలవాటుంటే బాగా ఉతికి ఎండలో ఆరేసిన నూలు గుడ్డలు. కాన్పయ్యాక గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే వెంటనే నర్సుకి చెప్పండి. అది మామూలు విషయం కాదు.
- లోదుస్తులు, తువ్వాలు, సబ్బు, బ్రష్, దువ్వెన, చెప్పులు.
- ప్లేటు, గ్లాసు, ఫ్లాస్కు, ఒక దుప్పటి.
- దోమతెర. మనది మలేరియా ఏరియా. తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ కావాలి.
- ఒక ప్లాస్టిక్ షీట్. దారిలో ఉమ్మనీరు పోతే కింద పరచడానికి, వాన వస్తే కప్పుకోవడానికి.

మూడో సంచి: బిడ్డకి

పుట్టిన బిడ్డకు మొదటి శత్రువు చలి. ఎండాకాలంలో కూడా. కొత్త బట్టలు అక్కర్లేదు. ఉతికి ఎండబెట్టిన మెత్తని పాత నూలు గుడ్డలే మంచివి. ఆరేడు పెట్టుకోండి. ఒక గుడ్డతో తుడవాలి, ఆ తడి గుడ్డ పక్కన పడేసి ఇంకో పొడి గుడ్డలో చుట్టాలి. దాంతోపాటు టోపీ, సాక్సులు, చిన్న దుప్పటి, లంగోటీలు.

దారిలోనే కాన్పయితే ఏం చేయాలి? బిడ్డను తుడిచి, తల్లి రొమ్ము మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, పైన ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పండి. తల్లి ఒంటి వేడే బిడ్డను కాపాడుతుంది. బొడ్డు మీరు కోయొద్దు. 108లో వచ్చే సిబ్బంది చూసుకుంటారు.

సంచిలో పెట్టకూడనివి కూడా ఉన్నాయి. తేనె, ఆముదం, చక్కెర నీళ్లు, పాలసీసా వద్దు. మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టాలి, అదే బిడ్డకు మొదటి టీకా లాంటిది. బొడ్డు మీద పసుపు, బూడిద, పౌడర్ ఏవీ వేయొద్దు. కాటుక వద్దు. మొదటి 24 గంటలు స్నానం కూడా వద్దు. ఇంట్లో పెద్దవాళ్లతో ఈ మాటలు ఇప్పుడే మాట్లాడుకోండి. ఆ రోజు వాదించుకునే టైమ్ ఉండదు.

సంచిలో పట్టనివి: మనుషులు, ఫోన్, రక్తం

తోడు ఎవరు? ఈ ప్రశ్నకు సీజన్‌ని బట్టి జవాబు మారుతుంది. మిర్చి కోతలప్పుడు ఊళ్లో సగంమంది కూలికి వెళ్తారు. తునికాకు సీజన్‌లో తెల్లారేసరికి అందరూ అడవిలో ఉంటారు. కాబట్టి ఒక్కరిని కాదు, ఇద్దరిని అనుకోండి. ఇంట్లో కోయభాషే మాట్లాడేవాళ్లయితే, ఆ ఇద్దరిలో ఒకరికి తెలుగు బాగా వచ్చి ఉండాలి. డాక్టర్ చెప్పింది అర్థం కావాలి, మన బాధ అవతలికి చెప్పగలగాలి.

రక్తం ఇవ్వగలిగిన ఇద్దరి నంబర్లు ఫోన్‌లోనూ, ఎంసీపీ కార్డు వెనక పేపర్ మీదా రాసుకోండి. రక్తం 7 శాతం కన్నా తక్కువ ఉన్నవాళ్లు ఈ పని ఇవాళే చేయండి. అలాంటివాళ్లు చిన్న ఆసుపత్రికి కాకుండా నేరుగా పెద్ద ఆసుపత్రికే వెళ్లాలేమో ముందే అడిగి తెలుసుకోండి.

ఊళ్లో సిగ్నల్ ఎక్కడ వస్తుందో, చెరువు గట్టా, బడి దగ్గరా, అది ఇంట్లో అందరికీ తెలియాలి. 108కి చేస్తే ఊరు, పంచాయతీ, మండలం, బండి ఎక్కడిదాకా రాగలదో చెప్పాలి. ఇది ఒక చీటీ మీద రాసి గోడకు అతికించండి. సరిహద్దు ఊళ్లలో పక్క రాష్ట్రం టవర్ తగిలితే కాల్ అటు వెళ్లొచ్చు. అందుకే ఆశా, ఏఎన్ఎం నంబర్లతో పాటు ఊళ్లో ఆటో లేదా ట్రాక్టర్ ఉన్నవాళ్ల నంబర్ కూడా ఉంచుకోండి. పవర్ బ్యాంక్, టార్చిలైటు మర్చిపోకండి.

డబ్బు సంగతి. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితం. మామూలు కాన్పుకి 3 రోజులు, ఆపరేషన్‌కి 7 రోజులు తల్లికి భోజనం పెట్టాలి. ఇంటి నుంచి తీసుకెళ్లడం, మళ్లీ దింపడం కూడా ఉచితమే. కాబట్టి చేతిలో డబ్బు లేదని బయల్దేరడం ఆపొద్దు. తోడు వచ్చినవాళ్ల తిండికి, అత్యవసరానికి కొంత నగదు మాత్రం ఉంచుకోండి. ఫోన్‌పే అన్నిచోట్లా పనిచేయదు.

ఎప్పుడు బయల్దేరాలి?

సిటీ వీడియోల్లో "5 నిమిషాలకో నొప్పి వస్తే బయల్దేరండి" అంటారు. అది దగ్గరున్నవాళ్ల లెక్క. మనం నొప్పులు వరసగా రావడం మొదలవగానే ఫోన్ చేయాలి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, తలనొప్పి ఎక్కువై కళ్లు మసకబారినా, ముఖం వాచినా, ఫిట్స్ వచ్చినా, జ్వరం వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా నొప్పులతో సంబంధం లేదు, వెంటనే బయల్దేరాలి. పొద్దున చూద్దాం అనుకోవద్దు.

కాన్పయ్యాక డిశ్చార్జి చీటీ తీసుకోండి, బిడ్డ పుట్టిన రిజిస్ట్రేషన్ 21 రోజుల్లోపు అయ్యేలా చూసుకోండి. తల్లి పేరు, తండ్రి పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం నుంచి ఆధార్ దాకా పుట్టిన తేదీకి ఆ సర్టిఫికెట్టే ఆధారం.

ఇదండీ ఈరోజు విషయం. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరికైనా ఏడో నెల నడుస్తుంటే ఈ వీడియో వాళ్లకు పంపండి. సిగ్నల్ లేని ఊరైతే డౌన్‌లోడ్ చేసి తీసుకెళ్లి చూపించండి. పక్కన కూర్చుని ఆ కాగితాల కవర్ ఒక్కటైనా ఈరోజే సర్దించండి.