చలిని తట్టుకొనే గరిక

గరిక తెలియని వారు మన హాస్టల్‌లో ఉండరు. వినాయక చవితికి పత్రిలో తెస్తాము, మిగతా రోజుల్లో కలుపని పీకి గట్టున పారేస్తాము. ఒక్క కణుపు మట్టిలో మిగిలినా వానకు మళ్ళీ లేస్తుంది. దీనినే అమెరికాలో 'బెర్ముడా గడ్డి' అంటారు. ఆటస్థలాల కోసం, ఇళ్ళముందు పచ్చిక కోసం అక్కడి విశ్వవిద్యాలయాలు దశాబ్దాలుగా ఇందులో కొత్త రకాలు తయారుచేస్తున్నాయని పీజీ తరగతిలో విని మేము ఆశ్చర్యపోయాము. ఇంట్లో చెబితే "పీకితే కూలి, పెంచితే జీతమా!" అని అమ్మ నవ్వింది.

గరిక ఎండను కోరే మొక్క. చలి ముదిరితే పెరుగుదల ఆగి, ఆకులు ఎండి గోధుమరంగుకు తిరుగుతాయి. అది చావు కాదు, నిద్ర. కణుపులు, నేలలోపలి కాండాలు బతికుంటే వసంతంలో మళ్ళీ చిగురిస్తుంది. అవి గడ్డకట్టి చస్తే మాత్రం పచ్చిక స్థానంలో మట్టి మిగులుతుంది. ఓక్లహామా, కాన్సాస్ రాష్ట్రాలది ఈ చిక్కే. శీతలదేశపు గడ్డి వేస్తే అక్కడి వేసవికి మాడుతుంది, గరిక వేస్తే శీతాకాలానికి చస్తుంది.

జార్జియాలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ కృషితో 1960లో 'టిఫ్‌వే' రకం విడుదలైంది. ఇది 36 క్రోమోజోముల మామూలు గరికకు, 18 క్రోమోజోముల సన్నాకు ఆఫ్రికా గరికకు పుట్టిన సంకరం. దీనికి వచ్చినవి 27. మూడు జతకూడని వరుసలు కనుక విత్తనం కట్టదు. అందుచేత కాండం ముక్కలు నాటాలి, లేదా పెరిగిన పచ్చికను చాపలా చుట్టి తెచ్చి పరవాలి. మైదానాలకు ఎంతో పేరుపొందిన రకమే గాని, ఉత్తరానికి పోయేకొద్దీ చలికి ఆగదు.

ఓక్లహామా స్టేట్ విశ్వవిద్యాలయం వారు ఈ లోపం మీదనే పనిచేశారు. చైనా నుంచి తెచ్చిన గరికలను కూడా పరిశీలించారు. 2010లో 'లాటిట్యూడ్ 36', 'నార్త్‌బ్రిడ్జ్', తరువాత 'తహోమా 31' అనే రకాలు అక్కడి నుంచే వచ్చాయి. చలిని తట్టుకొనే శక్తిని కొలిచే పద్ధతి మాకు బాగా నచ్చింది. చిన్న గొట్టాల్లో మొక్కలు పెంచి, కొన్ని వారాలు చలికి అలవాటు చేసి, శీతలపెట్టెలో ఉష్ణోగ్రతను మెల్లగా దించుతారు. ఒక్కొక్క డిగ్రీ దగ్గర కొన్నింటిని బయటకు తీసి, వెచ్చని చోట మళ్ళీ చిగురిస్తాయేమో చూస్తారు. సగం మొక్కలు చచ్చే ఉష్ణోగ్రతే ఆ రకానికి హద్దు. రకానికీ రకానికీ తేడా రెండు మూడు డిగ్రీలే ఉండవచ్చు. గడ్డకట్టే రాత్రి అదే ప్రాణం.

చలికి అలవాటు చేయడం ఎందుకంటే, చలి మెల్లగా వస్తే మొక్క చక్కెరలు కూడబెట్టుకొని, కణపొరలను మార్చుకొని సిద్ధపడుతుంది. హఠాత్తుగా వస్తే మంచి రకం కూడా దెబ్బతింటుంది. నీడలో ఉన్నా, మరీ పొట్టిగా కోసినా అంతే.