తేలిక విమానాలు... బరువైన రికార్డులు!

ఆకాశంలో విమానం చప్పుడైతే పెద్దాపురంలో ఇప్పటికీ పిల్లలు డాబా మీదికి పరుగెడతారు. మధురపూడి విమానాశ్రయానికి వచ్చేదో వెళ్లేదో అనుకుంటూ పెద్దలూ తలెత్తుతారు. అందులో ఎక్కేవాళ్లు టికెట్టు కొంటారు, దిగి ఎవరిదారిన వాళ్లు పోతారు. ఇద్దరో నలుగురో పట్టే పాతకాలపు చిట్టి విమానాల కథ వేరు. వాటిని ఎగరేసేవాళ్లు పాడిగేదెను సాకినట్టు సాకుతారు. ఒకరి విమానం మొరాయిస్తే ఇంకొకరు సాయం పడతారు. ఆ చిట్టి రెక్కల మీద ఎక్కిన రికార్డులు కొన్ని చూడండి.

మన పుష్పక్, ఒహాయో చుట్టం

రామాయణంలోని పుష్పకంలో ఎందరెక్కినా ఇంకొకరికి చోటుంటుందంటారు. బెంగళూరులో హెచ్‌ఏఎల్ తయారుచేసి 1958లో తొలిసారి ఎగరేసిన ‘పుష్పక్’లో మాత్రం ఇద్దరికే చోటు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, మిడిల్‌టౌన్‌లో పుట్టిన ‘ఏరోంకా చీఫ్’ దీనికి మాతృక. ఇంజిను శక్తి 90 హార్స్‌పవర్, అంటే మన చేలల్లో దమ్ము చేసే మామూలు ట్రాక్టరుకు రెట్టింపు. పైన గుడ్డ తొడుగు. నూటయాభై దాకా తయారైన ఈ విమానాలు ఎక్కువగా ఫ్లయింగ్ క్లబ్బులకే చేరాయి. ఒక తరం పైలట్లకు అక్షరాభ్యాసం వీటిమీదే జరిగింది.

ప్లగ్గులిచ్చి పందెం ఓడాడు

ఇంగ్లండు, ఇండియాల మధ్య ఒంటరిగా విమానం నడిపిన తొలి భారతీయుడికి 500 పౌండ్లు ఇస్తానని ఆగాఖాన్ ప్రకటించారు. 1930లో కరాచీ నుంచి జె.ఆర్.డి. టాటా, అటునుంచి పదిహేడేళ్ల ఆస్పీ ఇంజనీర్ బయల్దేరారు. ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గరి అబూకిర్‌లో స్పార్కు ప్లగ్గుల్లేక ఆగిపోయిన ఆస్పీ, టాటా కంటపడ్డాడు. టాటా తన దగ్గరున్న ప్లగ్గులు తీసి ఇచ్చేశారు. కృతజ్ఞతగా ఆస్పీ తన లైఫ్ జాకెట్ ఇచ్చాడు. కొద్ది గంటల తేడాతో బహుమతి ఆస్పీనే వరించింది. ఆ కుర్రాడే 1960లో భారత వైమానిక దళాధిపతి అయ్యాడు.

యాభై ఏళ్లకు మళ్లీ అదే దారి

1932 అక్టోబరు 15న ‘పస్ మాత్’ అనే చిన్న విమానంలో కరాచీ నుంచి బొంబాయికి టపా సంచులు తెచ్చింది కూడా టాటాయే. అక్కడి నుంచి మద్రాసుకు టపాను చేరవేసింది ఆయన సహచరుడు నెవిల్ విన్సెంట్. సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత, 1982లో అదే తేదీన, 78 ఏళ్ల వయసులో టాటా అదే దారిలో మళ్లీ ఎగిరారు. ఈసారి ఎక్కింది ‘లెపర్డ్ మాత్’, అదీ ముప్పైల నాటిదే.

చీరకట్టులో పైలట్

1936లో లాహోరులో చీర కట్టుకునే ‘జిప్సీ మాత్’ ఎక్కి ఒంటరిగా ఎగిరిన సరళా ఠక్రాల్‌కు అప్పటికి 21 ఏళ్లు, నాలుగేళ్ల పాపకు తల్లి. పైలట్ లైసెన్సు పొందిన తొలితరం భారతీయ మహిళల్లో ఆవిడొకరు. మరో పదేళ్లు గడిచాక ప్రేమ్ మాథుర్ ఉద్యోగానికి వెళితే, ఆడమనిషి నడిపితే జనం ఎక్కరంటూ పలు కంపెనీలు తిప్పిపంపాయి. పిలిచి ఉద్యోగమిచ్చింది మన హైదరాబాదు దక్కన్ ఎయిర్‌వేస్! అలా దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్‌కు కొలువిచ్చిన ఊరుగా హైదరాబాదు చరిత్రకెక్కింది.

ఊరంతా కలిసి ఎగరేసిన విమానం

1949లో అమెరికాలోని యూమా పట్నంలో మూతపడిన సైనిక విమానాశ్రయాన్ని తెరిపించాలని ఊరివాళ్లు ఒక ఉపాయం పన్నారు. తమ ఆకాశం ఎంత నిర్మలమో చాటడానికి ‘ఏరోంకా సెడాన్’ను ఎగరేశారు. అది 46 రోజులకు పైగా నేల తాకలేదు. రన్‌వే మీద కారు పరుగెడుతుంటే, దానిమీద తక్కువ ఎత్తులో ఎగురుతూ పైవాళ్లు పెట్రోలు డబ్బాలు అందుకునేవారు. విమానాశ్రయం 1951లో తెరుచుకుంది.

తర్వాత రాబర్ట్ టిమ్, జాన్ కుక్ ‘సెస్నా 172’లో లాస్‌వేగాస్ మీద ఎగిరి ఆ రికార్డును దాటేశారు. 1958 డిసెంబరు 4న లేచి, 1959 ఫిబ్రవరి 7న దిగారు. మొత్తం 64 రోజుల 22 గంటలు! మన లెక్కలో చెప్పాలంటే, పెద్దాపురం మరిడమ్మ జాతర మొదలైన నాడు లేచిన విమానం ఆషాఢం, శ్రావణం రెండూ వెళ్లిపోయాకే దిగిందన్నమాట.

పిస్తోలుతో విమాన యుద్ధం

1945 ఏప్రిల్ 11న జర్మనీ మీద ఎగురుతున్న అమెరికన్ ‘పైపర్ కబ్’కు కిందుగా ఒక శత్రు ‘స్టార్క్’ విమానం కనబడింది. కబ్‌లో తుపాకులు అమర్చి లేవు. అందులోని ఇద్దరూ తలుపు తీసి, నడుముకున్న పిస్తోళ్లతోనే కాల్చి దాన్ని దించేశారు. తామూ పక్కనే దిగి, గాయపడిన శత్రువు కాలికి కట్టుకట్టారు.

గడ్డిమైదానంలో రెక్కల తీర్థం

కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు తరలివచ్చినట్టే, ఏటా జులై చివర్లో అమెరికాలోని ఆష్‌కోష్‌కు దాదాపు పదివేల విమానాలు వస్తాయి. యజమానులు గడ్డిలో విమానాన్ని నిలిపి, రెక్క కిందే డేరా వేసుకుని వారంపాటు కాపురముంటారు. 1953లో చిన్న జట్టుగా మొదలైన ఈ కూడిక జరిగే వారంలో, అక్కడి కంట్రోల్ టవర్ ప్రపంచంలోనే అత్యంత రద్దీగా ఉంటుంది.

టైగర్ మాత్ తిరిగొచ్చింది

ఎనిమిది వేలకు పైగా తయారైన రెండు వరసల రెక్కల ‘టైగర్ మాత్’ మీదే 1940లలో హైదరాబాదు బేగంపేటలో యుద్ధ పైలట్లు తొలి పాఠాలు నేర్చారు. మూలపడిన ఒకదాన్ని వైమానిక దళం బాగుచేయించి 2012లో మళ్లీ గాల్లోకి లేపింది. ఇలాంటి ముసలి విమానాలను కాపాడేది పాత కాగితాలు, పాత ఫొటోలు, వాటిని చదవగలిగిన మనుషులు. మీ ఇంటి అటక మీద తాతగారి ఫ్లయింగ్ క్లబ్ లాగ్‌బుక్కో, పుష్పక్ పక్కన నిలబడి దిగిన ఫొటోయో ఉంటే, పాతసామాన్లవాడికి మాత్రం వేసెయ్యకండి.