కామెర్లు ఏ దారిన వచ్చాయి?

1955లో యమున వరద తీశాక నది ఢిల్లీ దగ్గర కొంచెం పక్కకు జరిగింది. ఊరి మురుగు మోసుకొచ్చే నజఫ్‌గఢ్ కాలువ నీళ్లు వజీరాబాద్ పంపుహౌసు వైపు ఎగదన్నాయి. తాగునీరు తోడే చోటికే మురుగు చేరింది. సంగతి పసిగట్టిన సిబ్బంది క్లోరిన్ మోతాదు పెంచారు. దాంతో టైఫాయిడ్ పెరగలేదు, విరేచనాలూ పెరగలేదు. కానీ డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీలో 29 వేల మందికి కళ్లు పచ్చబడ్డాయి. బ్యాక్టీరియాను చంపిన క్లోరిన్ ఈ కామెర్లు తెచ్చిన సూక్ష్మజీవిని ఆపలేకపోయింది. చాలామంది మంచం పట్టి లేచారు. గర్భిణులకు మాత్రం ప్రాణాల మీదికి వచ్చింది.

నీళ్ల వల్ల వచ్చే కామెర్లంటే అప్పటికి తెలిసింది ఒక్క రకమే. దాన్నే ఇప్పుడు హెపటైటిస్ ఎ అంటున్నాం. అయితే ఢిల్లీ రోగుల రక్తాన్ని కొందరు పారబోయకుండా దాచారు. పాతికేళ్లకు కొత్త పరీక్షలు వచ్చాక దాన్ని చూస్తే, అది ఎ కాదని తేలింది. ఈలోగా 1978లో కశ్మీర్ లోయలో ఇలాంటి కామెర్లే ఊళ్లను చుట్టబెట్టాయి. అక్కడి వైద్యుడు ఖురూ రోగుల లెక్కలు తీసి, ఇది కొత్త జబ్బని చెప్పారు. 1980ల మొదట్లో సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ బలయాన్ అఫ్ఘానిస్తాన్‌లో కామెర్లు సోకిన సైనికుల మలం నుంచి వడకట్టిన ద్రవాన్ని తానే తాగారు. జబ్బుపడ్డారు. తన మలంలోనే ఆ వైరస్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశారు. 1990లో దాని జన్యువులు చేతికి చిక్కాయి. అదే హెపటైటిస్ ఇ.

ఎ, బి, సి, డి, ఇ అని వరసగా పేర్లు పెట్టడంతో ఇవన్నీ ఒక తల్లి పిల్లలనుకుంటాం. కాదు. కాలేయంలో కాపురం పెట్టడం తప్ప వీటి మధ్య చుట్టరికం లేదు. ఎ, ఇ నోటి ద్వారా వస్తాయని, బి, సి రక్తం ద్వారా వస్తాయని బడి పిల్లలకు కూడా తెలుసు. అంతటితో ఆగిపోతే మాత్రం ఢిల్లీలో ఏం జరిగిందో సగమే అర్థమవుతుంది. ఒకే పేరున్న వైరస్‌లో కూడా రకాలున్నాయి. ఒక రకం వచ్చే దారిలో ఇంకో రకం రాకపోవచ్చు. వాటిని జీనోటైపులు అంటారు. వైరస్ జన్యు రాతలో అక్షరాలు ఎంత మారాయన్నదాన్నిబట్టి వాటికి అంకెలో, అక్షరాలో పెడతారు.

హెపటైటిస్ ఇ జన్యు రాత మొత్తం దాదాపు 7,200 అక్షరాలు, ఒక్క ఆర్ఎన్ఏ పోగు మీద. ఈ పోగుకు నకలు తీసే ఎంజైముకు రాసింది మళ్లీ సరిచూసుకునే అలవాటు లేదు. తప్పులు పడతాయి, ఎక్కువ తప్పులు వైరస్‌నే చంపుతాయి, కొన్ని నిలుస్తాయి. అలా నిలిచిన తేడాలు కాలక్రమంలో పోగుపడి ఎనిమిది రకాలయ్యాయి. ఒకటో రకం, రెండో రకం సహజంగా మనిషికే సోకుతాయి. మూడు, నాలుగు రకాలు పందుల్లో, అడవిపందుల్లో, జింకల్లో ఉంటూ అప్పుడప్పుడు మనిషికి అంటుకుంటాయి. ఏడో రకం ఒంటెలది.

మనుషులకే పరిమితమైన ఒకటో రకానికి మలం నుంచి నోటికి చేరడమే బతుకుతెరువు, నీళ్లే దానికి వాహనం. అందుకే అది వస్తే వేలమందికి ఒకేసారి వస్తుంది. గర్భం చివరి మూడు నెలల్లో ఇది సోకిన తల్లుల్లో వందకు ఇరవై, పాతిక మంది దాకా చనిపోయిన సందర్భాలున్నాయి. మూడో రకం తీరు పూర్తిగా వేరు. జపాన్‌లో కొందరు జింక మాంసం పచ్చిగా తిని కామెర్లతో ఆసుపత్రిలో చేరారు. తినగా మిగిలిన ముక్క వాళ్ల ఫ్రీజర్‌లోనే ఉంది. దాన్ని పరీక్షిస్తే, మాంసంలోని వైరస్ అక్షరాలూ రోగుల రక్తంలోని వైరస్ అక్షరాలూ ఒకటేనని తేలింది. 2003లో ఆ ఫలితం అచ్చయింది. యూరప్‌లో సరిగా ఉడకని పంది కాలేయం వంటకాల నుంచి కూడా ఇదే రకం వస్తుంది. ఊళ్లను కమ్మేయదు, ఒకరికో ఇద్దరికో వస్తుంది. చాలామందికి వచ్చిన సంగతే తెలియదు. అయితే అవయవ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లలో అది తిష్ట వేసి ఏళ్లతరబడి కాలేయాన్ని తినేస్తుంది. దాతకు తెలియకుండానే రక్తంలో దాగి ఉండొచ్చు కాబట్టి, బ్రిటన్ 2017కల్లా దానమిచ్చిన రక్తమంతటినీ దీనికోసం పరీక్షించసాగింది.

మన వీధుల్లో తిరిగే పందుల సంగతేమిటి? పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ పరిశోధకులు ఈ ప్రశ్న వేసుకుని పందుల రక్తం తీసి చూశారు. పందుల్లో దొరికింది నాలుగో రకం. మన దేశంలో మనుషుల్లో దొరికేదేమో ఒకటో రకం. ఒకే గడ్డ మీద, ఒకే మురుగు పక్కన, రెండు రకాలూ ఎవరి దారిన అవి పోతున్నాయి. కాబట్టి వీధిలో కామెర్లు వ్యాపించినప్పుడు పందుల వైపు వేలు చూపిస్తే సరిపోదు. నల్లా పైపూ డ్రైనేజీ పైపూ ఎక్కడ కలిశాయో తవ్వి చూడాలి. 2005లో హైదరాబాద్‌లో హెపటైటిస్ ఇ వ్యాపించినప్పుడూ ఇదే సంగతి మనకు అనుభవంలోకి వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. కామెర్లనగానే మన ఊళ్లలో ముందు పసరు గుర్తొస్తుంది. ఎక్కడో తెల్లవారకముందే పరగడుపున పోస్తారు, ఉప్పూ నూనే మానేయమంటారు, పది రోజులకు కళ్లు తెల్లబడతాయి. ఎ వచ్చినా, ఇ వచ్చినా ఎక్కువమందికి ఏ పసరూ లేకుండానే తగ్గుతుంది, ఆ పేరు పసరుకు దక్కుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడి విషయంలో దీనివల్ల పెద్దగా పోయేదేమీ లేకపోవచ్చు. ఎనిమిదో నెల గర్భిణిని అలా తిప్పుతూ రెండు రోజులు పోగొట్టడం మాత్రం ఆమె ప్రాణంతో పందెం కాయడమే. నీళ్ల వల్ల కామెర్లు వస్తున్న చోట గర్భిణికి కళ్లు పచ్చబడితే నేరుగా పెద్దాసుపత్రికే తీసుకెళ్లాలి.

రకాన్నిబట్టి దారి మారడానికి జన్యు రాతలో ఎక్కడ తేడా ఉందో ఇంకా వెతుకుతున్నారు. రెండు ఆనవాళ్లు దొరికాయి. 2016లో ఫరీదాబాద్ పరిశోధకులు ఒకటో రకంలో అదనంగా ఒక ప్రోటీన్ తయారవుతోందని కనిపెట్టారు. దాని రాత వేరే జన్యువు అక్షరాల్లోనే దాగి ఉంది, చదవడం ఒక అక్షరం అటూ ఇటూ మొదలుపెడితే బయటపడుతుంది. నకళ్లు జోరుగా తీయడానికి అది తోడ్పడుతుంది. రెండో ఆనవాలు ఇంకా వింతగా ఉంటుంది. దీర్ఘకాలం మూడో రకంతో బాధపడిన ఒక రోగి ఒంట్లోని వైరస్, మనిషి రైబోజోమ్ ప్రోటీన్ జన్యువులోంచి 174 అక్షరాల ముక్కను తెచ్చి తన రాతలో అతికించుకుంది. ఆ ముక్క చేరాక ప్రయోగశాలలో అది మనిషి కణాల్లోనే కాక ఇతర జంతువుల కణాల్లో కూడా పెరిగింది. అక్షరం మారడమే కాదు, ఆశ్రయమిచ్చినవాడి పుస్తకంలోంచి పేరా ఎత్తుకుపోవడం కూడా వైరస్‌కు చేతనవును.

హెపటైటిస్ బి దగ్గర దారి ఇంకోలా మారుతుంది. దీని రాత 3,200 అక్షరాలే, రకాలు ఎ నుంచి జె దాకా పది. తల్లి రక్తంలో ఇ-యాంటిజెన్ అనే ప్రోటీన్ ఉందంటే వైరస్ జోరుమీద ఉన్నట్టు. అప్పుడు పుట్టిన బిడ్డకు టీకా వేయకపోతే వందకు తొంభై దాకా సోకుతుంది. ఈ ప్రోటీన్ ఎప్పుడు పోతుందన్నది రకాన్నిబట్టి ఉంటుంది. అలాస్కాలో ఏళ్లతరబడి గమనించినవారిలో మిగతా రకాలున్న సగం మందికి ఇరవై ఏళ్లలోపే పోయింది. బిలోనే సి రకం ఉన్నవారిలో సగం మందికి పోయేసరికి నలభై దాటింది. అంటే పిల్లల్ని కనే వయసంతా తల్లి నుంచి బిడ్డకు దారి తెరిచే ఉంటుంది. సి రకం ఎక్కువగా ఉన్న తూర్పు ఆసియాలో బి ఇళ్లల్లో తరతరాలుగా దిగుతూ రావడానికి ఇదొక ముఖ్య కారణం.

ఆ ప్రోటీన్ ఆగిపోవడానికి తరచూ కారణమయ్యేది ఒకే ఒక్క అక్షరం. 1896వ స్థానంలో జి పోయి ఎ వస్తే చదువు మధ్యలోనే ఆగిపోతుంది, ప్రోటీన్ తయారుకాదు. అయితే వైరస్ ఆర్ఎన్ఏ అక్కడ జడపిన్నులా మడతపడుతుంది, ఆ మడతలో 1896కు ఎదురుగా నిలిచేది 1858వ అక్షరం. ఎ రకంలో సాధారణంగా అక్కడ సి ఉంటుంది. సికి జితోనే గట్టి జత, జిని మారిస్తే మడత విడిపోయి వైరస్‌కే నష్టం. డి రకంలో అక్కడ టి ఉంటుంది. ఎ వస్తే దానితో జత ఇంకా గట్టిపడుతుంది కాబట్టి మార్పు తేలిగ్గా నిలుస్తుంది. మన దేశంలో ఎక్కువగా ఉన్నవి ఈ రెండు రకాలే, తూర్పు రాష్ట్రాల్లో సి కూడా ఉంది. తల్లిది ఏ రకమైనా పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు వేసే బి టీకా ఆ దారిని చాలావరకు మూసేస్తుంది. ఆ ఒక్క డోసు కోసం ఆసుపత్రిలో అడిగి మరీ వేయించుకోండి.

హెపటైటిస్ సి వైరస్‌లో తేడాలు మరీ ఎక్కువ. ఒక జీనోటైపుకూ ఇంకోదానికీ మధ్య వందకు ముప్పై అక్షరాలు మారిపోతాయి. ఒక్క రోగి ఒంట్లోనే వైరస్ పైతొడుగు ఎప్పటికప్పుడు మారుతుంటుంది, అందుకే దానికి నేటికీ టీకా లేదు. అన్ని రకాలకూ పనిచేసే మాత్రలైతే వచ్చాయి. రకాలు ఆ వైరస్ నడిచొచ్చిన దారిని కూడా చెబుతాయి. ఈజిప్టు పల్లెల్లో నత్తల ద్వారా వచ్చే పరాన్నజీవి జబ్బుకు 1950ల నుంచి ఊరూరా ఇంజెక్షన్లు వేశారు. సరిగా శుభ్రం చేయని సూదులతో పాటే నాలుగో రకం సి దేశమంతటా పాకింది.

మళ్లీ ఇ దగ్గరికి వస్తాను. లోపలి రాత ఇంతగా మారినా, మనిషికి సోకే నాలుగు రకాల పైతొడుగునూ మన ఒంటి రక్షణ వ్యవస్థ ఒకటిగానే గుర్తుపడుతుంది. చైనాలో ఒకటో రకం ప్రోటీన్‌తో చేసిన టీకాను జియాంగ్సు రాష్ట్రంలో లక్ష మందికి పైగా పెద్దలతో పరీక్షించారు. అక్కడ తిరుగుతున్నది ఎక్కువగా నాలుగో రకం, అయినా టీకా కాపాడింది. 2022 మార్చిలో దక్షిణ సూడాన్‌లోని బెంటియు నిర్వాసితుల శిబిరంలో కామెర్లు వ్యాపిస్తున్నప్పుడే ఆ టీకాను శిబిరంలోనివారికి వేశారు. జబ్బు వ్యాపిస్తుండగా హెపటైటిస్ ఇ టీకా సామూహికంగా వేయడం ప్రపంచంలో అదే మొదటిసారి. వేయించుకున్నవాళ్లలో గర్భిణులు కూడా ఉన్నారు.