జుట్టుకు రంగు వేసే ముందు: ఒకే పేరుతో మూడు ‘బ్లీచింగులు’

జుట్టుకు ఎరుపు, నీలము, ఊదా వంటి గాఢమైన రంగులు వేసుకొనుట ఒకప్పుడు సినిమా తెరకే పరిమితము. ఇప్పుడు జాతర వచ్చినా, పెళ్ళి వచ్చినా సరిహద్దు పల్లెల యువతీయువకులు కూడ ఇంటిలోనే ఆ పని చేసుకొంటున్నారు. అభిరుచి వారి వారి ఇష్టము. దానిని తప్పు పట్టవలసినది లేదు. అయితే రంగుకు ముందు చేసే ‘బ్లీచింగు’ ఏమిటో ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండుట అవసరము. ఎందుకనగా ఆ ఒక్క మాట మన ఇళ్ళలో మూడు వేర్వేరు వస్తువులకు చెల్లుతున్నది.

మొదటిది పంచాయతీవారు బావులలో, మురుగు కాలువల వెంట చల్లే తెల్లని పొడి. రెండవది ముఖము మీది నూగును లేతపరచే క్రీము. మూడవది జుట్టు కొరకే తయారైన పొడి. హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా అంగడికి వెళ్ళి ‘బ్లీచింగ్ పౌడరు’ అని మాత్రమే అడిగితే, అమ్మేవాని భాష ఏదైనా, మొదటిదే చేతికి వచ్చే అవకాశము ఎక్కువ.

ఆ మొదటిదానిని తలకు ఎన్నడూ తాకించరాదు. అది సున్నమును, క్లోరిన్‌ను కలిపి చేసిన పదార్థము. 1,000 లీటర్ల బావినీటిని శుద్ధి చేయుటకు సుమారు 2.5 గ్రాములు చాలునంటే దాని తీవ్రత ఊహించుకొనవచ్చును. ముద్దగా కలిపి తలకు పట్టిస్తే చర్మము కాలుతుంది, వెంట్రుక కరగిపోతుంది. నిమ్మరసము కలిపితే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. ముఖపు క్రీము అంత ప్రమాదకరము కాకున్నా తలజుట్టుకు ఉద్దేశించినది కాదు.

ఇక అసలు పని. నల్లగుడ్డకు నీలిరంగు అద్దితే కనిపించదు. ముందు దానిని చలువ చేయవలసి ఉంటుంది. జుట్టు సంగతి కూడ అంతే. వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పువలె ఒకదానిపై ఒకటి పరచిన పొలుసులతో ఉంటుంది. నలుపునిచ్చే మెలనిన్ దాని లోపల ఉంటుంది. బ్లీచ్ పొడిలోని క్షారము ఆ పొలుసులను ఉబ్బించి తెరుస్తుంది. పొడిలోని పర్సల్ఫేట్ లవణాలు, దానితో కలిపే హైడ్రోజన్ పెరాక్సైడ్ లోనికి చొరబడి మెలనిన్‌ను విచ్ఛిన్నము చేస్తాయి. ఆ దారిలో వెంట్రుకకు బలమిచ్చే మాంసకృత్తు కూడ కొంత నష్టమవుతుంది. నష్టము లేని బ్లీచింగు లేదు. తగ్గించుకొనుట మాత్రమే మన చేతిలో ఉన్నది.

పెరాక్సైడ్ సీసా మీద 20 వాల్యూమ్, 40 వాల్యూమ్ అని అంకెలు ఉంటాయి. చాలా సీసాల మీద సూచనలు ఆంగ్లంలోనే ఉండుటచేత ఈ అంకెలు తెలియక, పెద్దదైతే మేలని కొనేవారు ఉన్నారు. 20 అనగా 6 శాతము, 30 అనగా 9, 40 అనగా 12 శాతము పెరాక్సైడ్. ఇంటిలో చేసుకొనేవారు 20 దాటకుండుట క్షేమము.

నలుపు ఒక్కసారిగా తెలుపు కాదు. మొదట ఎర్రని గోధుమవర్ణము, ఆపై నారింజ, పసుపు, చివరకు లేతపసుపు. ఎరుపు, మెరూన్ రంగులకు నారింజ వరకు వస్తే చాలును. నీలము కావాలంటే లేతపసుపు దాకా పోవలసినదే. పసుపు మీద నీలము వేస్తే పచ్చబడుతుందని చిత్రలేఖనము నేర్చిన పిల్లవానికీ తెలుసు. అందుచేత మొదటిసారి చేసేవారికి ఎరుపే మంచి ఎంపిక; వెంట్రుకకు కలిగే హాని చాల తగ్గుతుంది.

గోరింటాకు నూరి పెట్టుకొనేవారికి పెద్ద చిక్కు లేదు. ‘నల్ల గోరింట’ పేరుతో వచ్చే కొన్ని పొట్లాలలో మాత్రము లోహలవణాలు ఉండవచ్చును. అట్టి జుట్టుకు పెరాక్సైడ్ తగిలితే వేడి పుట్టి వెంట్రుక తెగిపోతుంది. దువ్వెనలో ఊడిన నాలుగు వెంట్రుకలను కలిపిన బ్లీచులో వేసి చూస్తే గుట్టు బయటపడుతుంది. వేడెక్కినా, ఘాటైన వాసన వచ్చినా ఆ పని మానుకొనవలెను. రంగును కూడ చెవి వెనుక కొద్దిగా పూసి 48 గంటలు చూడవలెను. దురద, వాపు కనిపిస్తే ఆ రంగు పనికిరాదు.

బ్లీచు పెట్టే రోజున తలంటు పోయరాదు. తలమీది సహజమైన జిడ్డు చర్మానికి రక్షణ. ముందు రాత్రి కొబ్బరినూనె పట్టిస్తే మాంసకృత్తు నష్టము కొంత తగ్గుతుంది. పుండ్లు, గీతలు ఉన్న తలకు బ్లీచు తగదు. కలుపుటకు ప్లాస్టిక్ గిన్నె వాడవలెను, ఇత్తడి, ఇనుము కాదు. చేతులకు తొడుగులు ఉండవలెను. వరండాలోనో, కిటికీలు తెరచిన గదిలోనో చేయుట మంచిది. ఆ పొడి ఉబ్బసము ఉన్నవారికి ఊపిరాడకుండ చేయగలదు. కుదుళ్ళకు చివరను పూయవలెను, తలవేడికి అక్కడ త్వరగా పని చేస్తుంది గనుక. ఐదేసి నిమిషాలకు చూస్తూ, పెట్టె మీది గడువు దాటక మునుపే కడగవలెను. మంట పుడితే గడువుతో పని లేదు, వెంటనే కడిగివేయవలెను. కంటిలో పడితే 15 నిమిషాలకు తక్కువ కాకుండ ధారగా నీళ్ళు పోసి వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. మిగిలిన మిశ్రమాన్ని మూతపెట్టి దాచరాదు. లోపల ప్రాణవాయువు నిండి సీసా పగులుతుంది.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక రెండు నెలలకు కుదుళ్ళు నల్లగా కనిపిస్తాయి. అప్పుడు కొత్తగా పెరిగిన భాగానికే బ్లీచు పూయవలెను. పాతదానికి మళ్ళీ పూస్తే అది దువ్వెనతోపాటే తెగి వస్తుంది.