చేతిలో కెమెరా ఉంది, మరి డెస్కు ఏది?

“ఫోన్ ఉన్న ప్రతివాడూ విలేకరే, ఇక పేపర్లెందుకండీ?” పెళ్లి భోజనాల దగ్గర, రైలు ప్రయాణాల్లో, ఆఖరికి జర్నలిజం విద్యార్థుల సెమినార్లలో కూడా ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. దాన్ని ఎవరికి వారు తామే కనిపెట్టినట్టు చెబుతారు గానీ, ఆ నినాదానికి ఊరూ పేరూ ఉన్నాయి. 2000 ఫిబ్రవరి 22న దక్షిణ కొరియాలో ఓ యోన్-హో అనే పాత్రికేయుడు ‘ఓమైన్యూస్’ అనే ఇంటర్నెట్ పత్రిక పెట్టాడు. 727 మంది మామూలు జనం దాని తొలి విలేకరులు. ‘ప్రతి పౌరుడూ విలేకరే’ అన్నది ఆయన నినాదం. 2002 చివర్లో అధ్యక్ష ఎన్నికల్లో గెలిచిన రో మూ-హ్యున్, పెద్ద పత్రికలన్నిటినీ కాదని తొలి ఇంటర్వ్యూ దీనికే ఇచ్చాడు.

నినాదం ప్రపంచమంతా తిరిగింది. దాని వెనక వార్తల్ని సరిచూసే డెస్కు మాత్రం కొరియాలోనే ఉండిపోయింది. ఓమైన్యూస్‌కి రాయాలంటే అసలు పేరుతో నమోదు చేసుకోవాలి. పంపిన వార్తను జీతానికి పనిచేసే ఎడిటర్లు చదివి, సరిచూశాకే బయటికి వదిలేవారు. ప్రతి పౌరుడూ విలేకరే అన్నాడు గానీ, ప్రతి పౌరుడూ ఎడిటరే అని ఆయన ఎక్కడా అనలేదు.

ఎడిటర్ ఎందుకో తెలియాలంటే ఊళ్లో పాలకేంద్రం చూడండి. ఒకప్పుడు పాలవాడే ఇంటింటికీ తిరిగి పాలు పోయించుకునేవాడు. ఇప్పుడు ఎవరి పాలు వాళ్లే తెచ్చి పోస్తున్నారు. పోసేవాళ్లు పెరిగారని కేంద్రం మూతపడుతుందా? కొలిచేవాడికి పని పెరుగుతుంది. ఒక్క ఇంటివాళ్ల విరిగిన పాలు పడితే క్యాను మొత్తం పోతుంది. పైగా దొంగలూ తెలివిమీరారు. ఉత్త నీళ్లు కలిపితే లాక్టోమీటరు పట్టేస్తుంది. నీళ్లతో పాటు పంచదార కూడా వేశారనుకోండి, లాక్టోమీటరు మోసపోతుంది. వీడియోలూ అంతే. పచ్చి అబద్ధం తొందరగానే దొరుకుతుంది. నిజం వీడియోకి తప్పుడు తేదీ తగిలిస్తేనే చిక్కు.

ఆ చిక్కు ఎలా విడదీస్తారో కాస్త తీరిగ్గా చెబుతాను, ఎందుకంటే నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. వరదలో వీధి మునిగిపోతున్న వీడియో ఒకటి వచ్చింది, కింద ‘నిన్న రాత్రి’ అని రాసుంది. ముందు నీళ్లు చూడకూడదు, బళ్ల నంబరు ప్లేట్లు చూడాలి. తెలంగాణలో కొత్త బళ్లకు ‘టీజీ’ వచ్చింది 2024 మార్చిలో. వీధిలో ఒక్క టీజీ బండి కనబడినా ఆ వీడియో అంతకు ముందుది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా నంబర్లు తీసేసి రాష్ట్రమంతటికీ ‘ఏపీ 39’ ఇచ్చింది 2019లో. అది కనబడితే ఆ ఏడాదికి ముందుది కాదు. తిరగేసి లెక్కేస్తే మాత్రం బోల్తా పడతాం. పాత నంబర్లే ఉన్నాయి కాబట్టి పాత వీడియో అనడానికి లేదు, పాత బళ్లు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయిగా! తర్వాత ఫ్లెక్సీలు. మనవాళ్లు పుట్టినరోజుకీ, పరామర్శకీ కూడా ఫ్లెక్సీ కడతారు, చాలావాటి మీద తేదీ ఉంటుంది. ఈ అలవాటుని తిట్టుకునే నేను కూడా వీడియో సరిచూసేటప్పుడు దానికి దణ్ణం పెడతాను.

పగటి వీడియో అయితే నీడలున్నాయి. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు మిట్టమధ్యాహ్నపు నీడ ఉత్తరానికి పడుతుంది. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు, నిటారు స్తంభానికి కాసేపు నీడే ఉండదు. అప్పట్నుంచి ఆగస్టు 3 దాకా మధ్యాహ్నపు నీడ దక్షిణానికి తిరుగుతుంది. కాబట్టి ‘జనవరి, మధ్యాహ్నం’ అని చెప్పిన హైదరాబాద్ వీడియోలో నీడ దక్షిణానికి ఉంటే ఎవరో అబద్ధమాడుతున్నట్టే. ఫ్రేములో ధ్వజస్తంభం పడితే ఇక పండగే. అది ఏ గుడో గుర్తుపట్టి, శాటిలైట్ మ్యాపులో ఏ దిక్కుకి ఉందో చూసుకుని, స్తంభం ఎత్తుకీ నీడ పొడవుకీ లెక్క కడితే ఏ వేళప్పటిదో కూడా దాదాపు తేలుతుంది. 2014లో 298 మందితో కూలిన మలేసియా విమానం ఎంహెచ్17ని పడగొట్టిన క్షిపణి వాహనం ఏ దారిన వెళ్లిందో ‘బెల్లింగ్‌క్యాట్’ బృందం తేల్చింది ఇలాంటి పద్ధతులతోనే. ఆ వాహనం ఫొటోలూ వీడియోలూ తీసింది దారిపక్క జనమే. ఆ బృందాన్ని మొదలుపెట్టిన ఎలియట్ హిగిన్స్ వృత్తిరీత్యా పాత్రికేయుడు కాదు, ఇంట్లో కూర్చుని ఈ విద్య పట్టుకున్నాడు.

నీడల దాకా వచ్చాక గ్రహణం ఊసెత్తకుండా ఉండలేను. గ్రహణం వచ్చిందంటే తాంబాళంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టిన వీడియోలు జనం పంపుతారు, చానళ్లు వేస్తాయి. రోకలి నిలబడిన మాట నిజమే, కెమెరా అబద్ధమాడలేదు. అడుగు చదునుగా ఉన్న రోకలి గ్రహణం లేని మంగళవారం కూడా నిలబడుతుంది. మామూలు రోజున ఒకసారి నిలబెట్టి చూద్దామని ఆ చానళ్లలో ఒక్కరికీ తోచదు. ఇక్కడ తప్పు పౌరుడిది కాదు, డెస్కుది.

డెస్కు లేకపోతే ఏమవుతుందో 2018లో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ వాట్సాప్‌లో తిరిగిన వీడియోల్లో ఒకటి, అసలు కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రం. అందులో బైకు మీదొచ్చినవాళ్లు పిల్లాణ్ని తిరిగి దింపేసి, జాగ్రత్తగా ఉండమని చెప్పే చివరి ముక్కను ఎవరో కత్తిరించేశారు. మిగిలిన ముక్క దేశమంతా తిరిగింది. తెలంగాణలోనూ ప్రాణాలు పోయాయి. జోగుళాంబ గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులతో డప్పు కొట్టించి, పాటలు కట్టించి ఊరూరా తిప్పారు. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది.

ఇంత చెప్పి ఫోన్ కెమెరాని తీసిపారేస్తున్నానని అనుకోకండి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకైనప్పుడు ఆర్ఆర్ వెంకటాపురంలో నడుస్తూ నడుస్తూ కూలిపోయిన మనుషుల్ని లోకానికి చూపింది స్థానికుల ఫోన్లే. అదే నెలలో అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే వ్యక్తి పోలీసుల చేతిలో ప్రాణాలు కోల్పోతే, ‘వైద్యపరమైన సమస్య’తో చనిపోయాడని వాళ్లు ప్రకటన ఇచ్చారు. ఓ 17 ఏళ్ల అమ్మాయి ఫోన్‌లో తీసిన వీడియో లేకపోతే ఆ ప్రకటనే వార్త అయ్యుండేది. మరుసటి ఏడాది పులిట్జర్ బోర్డు ఆమెకు ప్రత్యేక ప్రశంస ఇచ్చింది.

తెలుగు పత్రికలకు మామూలు జనంతో ఈ సంబంధం మరీ కొత్తదేం కాదు. 1989లో ‘ఈనాడు’ జిల్లా ఎడిషన్లు తెచ్చాక మండలాల్లో వార్తలు రాసినవాళ్లలో బడిపంతుళ్లూ, చిన్న వ్యాపారులూ ఉండేవారు. అచ్చయిన వార్త కొలతను బట్టి ఎంతో కొంత చేతికొచ్చేది. ఇప్పుడు వీడియో పంపినవాడికి పైసా రాదు, పేరు కూడా వెయ్యరు, మూలన ‘సోషల్ మీడియా’ అని రాసి తమ లోగో అద్దేస్తారు. పాలకేంద్రం వాళ్లు నయం, పదిహేను రోజులకోసారైనా లెక్క కడతారు.

అసలు పౌర విలేకరులంటే నాకు గుర్తొచ్చేది అనుకోకుండా వీడియో తీసినవాళ్లు కాదు. 2001లో చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల మహిళలు ‘నవోదయం’ పత్రిక మొదలుపెట్టారు. మరుసటి ఏడాది ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో ‘ఖబర్ లహరియా’ వచ్చింది, విలేకరులంతా ఆడవాళ్లే. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో శుభ్రాంశు చౌధురి ‘సీజీనెట్ స్వర’ పెట్టాడు. చదువురాని గోండు రైతు కూడా మామూలు ఫోన్‌లోంచి వార్త చెప్పొచ్చు. విని సరిచూసుకున్నాకే అది అందరికీ వినిపిస్తారు. బోరింగు చెడిపోయిందని చెప్పే మనిషి, బాగుచేయించాల్సిన అధికారి ఫోన్ నంబరు కూడా చెబుతాడు. బాగుపడ్డాక మళ్లీ ఫోన్ చేసి ఆ సంగతీ చెబుతాడు. ఈ రెండో ఫోన్ మన చానళ్లలో ఎంతమంది చేస్తున్నారు?

ఇక ఏదైనా చూసి వీడియో తీసే పరిస్థితి మీకే వస్తే: ఫోన్ అడ్డంగా పట్టుకోండి. ముందు ఓ పది సెకన్లు చుట్టూ తిప్పి బోర్డులూ, బళ్లూ పడనివ్వండి. ఊరు, తేదీ, వేళ నోటితో చెప్పండి. పాట కలపకండి, ముక్కలు కత్తిరించకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫైలులో దాగున్న తేదీ, వివరాలు పోతాయి కాబట్టి ‘డాక్యుమెంట్’గా పంపండి. అసలు ఫైలు మీ ఫోన్‌లోనే ఉంచుకోండి, డెస్కు నుంచి ఎవరైనా అడగొచ్చు.